చర్మం బిగియక ముందే: స్క్లీరోడెర్మాలో రక్తనాళాలు, స్వీయ ప్రతిరక్షకాలు

స్క్లీరోడెర్మాకు పేరూ గుర్తింపూ రెండూ చర్మం వల్లనే వచ్చాయి. వేళ్ల మీది చర్మం కింది కణజాలానికి అతుక్కుపోయి బిగిసి, ముఖంలో ముడతలు మాయమై, నోరు పూర్తిగా తెరవడం కష్టమై, క్రమంగా చేతులు చాచలేని స్థితి రావడం ఎవరి కంటికైనా కనిపించే లక్షణం. నేపుల్స్ వైద్యుడు కార్లో కుర్జియో 1753లో ఒక యువతి శరీరమంతటా చర్మం గట్టిపడిన తీరును వివరంగా నమోదు చేసిన నాటి నుంచి దాదాపు రెండు శతాబ్దాల పాటు వైద్యుల దృష్టి ప్రధానంగా ఈ బిగుతు మీదనే నిలిచింది. కేప్‌టౌన్‌లో పనిచేస్తున్న రాబర్ట్ గెట్జ్ 1945లో, ఇది ఒక్క చర్మానికి పరిమితమైన జబ్బు కాదనీ, ఊపిరితిత్తులు, గుండె, మూత్రపిండాలు, ఆహారనాళం మొదలైన లోపలి అవయవాలన్నింటికీ పాకుతుందనీ గట్టిగా వాదించిన తరువాతనే సిస్టమిక్ స్క్లీరోసిస్ అనే పేరు స్థిరపడింది. చర్మం మీద అక్కడక్కడా మచ్చలుగా మాత్రమే వచ్చి, లోపలి అవయవాల జోలికి పోని మార్ఫియా అనే స్థానిక రూపం వేరే వ్యాధి. ఇక్కడ చర్చిస్తున్నది శరీరమంతటికీ వ్యాపించే రూపాన్ని గురించి.

ఈ వ్యాధిలో మూడు ప్రక్రియలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి నడుస్తాయి. చిన్న రక్తనాళాలు దెబ్బతినడం ఒకటి, రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంలోని ప్రోటీన్లకు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలను, అంటే యాంటీబాడీలను, తయారుచేయడం రెండవది, ఫైబ్రోబ్లాస్టులనే కణాలు అవసరానికి మించి కొల్లాజెన్ పీచును పేర్చి అవయవాలను గట్టిపరచడం మూడవది. అందరూ చూసేది మూడవదాన్ని. కానీ కాలక్రమంలో అది చివరిది. చర్మం బిగియడానికి నెలల ముందు, కొందరిలో పదేళ్లకు పైగా ముందు, రక్తనాళాలలో మార్పులు మొదలై ఉంటాయి. ఆ దశలోనే రక్తంలో స్వీయ ప్రతిరక్షకాలు కూడా దొరుకుతాయి. ఈ రెండింటిలో ఏది దేనికి కారణమన్నదే ఈ వ్యాధి పరిశోధనలో అన్నింటికంటే లోతైన ప్రశ్న. వైద్యులు ఎప్పుడు జోక్యం చేసుకోవాలన్నది చాలావరకు దానికి దొరికే జవాబు మీద ఆధారపడి ఉంది.

రక్తనాళాల కథ వేళ్ల రంగుతో మొదలవుతుంది. పారిస్ వైద్యుడు మోరిస్ రేనో 1862లో తన సిద్ధాంత వ్యాసంలో, చలి తగిలినప్పుడో మనసు కలత చెందినప్పుడో వేళ్లు పాలిపోయి, తరువాత నీలం తిరిగి, చివరకు రక్తం మళ్లీ చేరగానే ఎర్రబడే స్థితిని వర్ణించాడు. రక్తనాళాలను నడిపే నాడులు అతిగా స్పందించడమే దీనికి మూలమని ఆయన భావించాడు. లండన్‌లో థామస్ లూయిస్ 1929లో, దోషం నాడులలో కాక వేలి ధమనులలోనే ఉండవచ్చని ప్రయోగాలతో వాదించాడు. రెండు వాదాలలోనూ కొంత నిజముంది. రేనో లక్షణం ఉన్నవారిలో అత్యధికులకు రక్తనాళాల నిర్మాణంలో ఏ లోపమూ ఉండదు. చలికి నాళాలు అతిగా ముడుచుకుని, వేడి తగలగానే విచ్చుకుంటాయి, జీవితాంతం అంతకుమించి ఏమీ జరగదు. దీనిని ప్రాథమిక రేనో అంటారు. స్క్లీరోడెర్మా రోగులలో నూటికి తొంభై ఐదుగురికి పైగా రేనో లక్షణం ఉంటుంది గానీ వారిలో ముడుచుకున్న నాళం పూర్తిగా కోలుకోదు. ప్రతి దాడీ నాళపు గోడలో కొంత నష్టాన్ని మిగిల్చి పోతుంది.

ఆ నష్టం ఎక్కడ జరుగుతుందో తెలియాలంటే రక్తనాళపు లోపొరను చూడాలి. గుండె నుంచి అతి సన్నని రక్తకేశనాళిక వరకు ప్రతి నాళం లోపలి గోడనూ ఒకే వరుస కణాలు కప్పి ఉంటాయి. ఎండోథీలియం అని పిలిచే ఈ పొర రక్తాన్ని కణజాలం నుంచి వేరుచేయడంతో ఆగిపోదు. నాళం ఎంత విచ్చుకోవాలో, ఎంత ముడుచుకోవాలో, రక్తం ఎక్కడ గడ్డకట్టాలో, తెల్లకణాలు ఎక్కడ గోడ దాటి బయటికి వెళ్లాలో నిర్ణయించే రసాయనాలను క్షణక్షణం తయారుచేసేది ఇదే. నాళాన్ని విచ్చుకునేలా చేసే నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్ ఇందులోనే పుడతాయి. శరీరంలో నాళాలను అత్యంత బలంగా ముడిచే పదార్థాలలో ఒకటైన ఎండోథీలిన్ కూడా ఇక్కడే పుడుతుంది. జపాన్‌లోని సుకుబాలో మసాషి యనగిసావా బృందం 1988లో ఎండోథీలిన్‌ను కనుగొంది. నైట్రిక్ ఆక్సైడ్ పాత్రను వెలికితీసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి లభించింది. ఈ రెండు ఆవిష్కరణలూ స్క్లీరోడెర్మా కోసం జరగకపోయినా, ఈ వ్యాధికి నేడు వాడుతున్న రక్తనాళ మందులలో చాలా భాగం వాటి నుంచే వచ్చాయి.

స్క్లీరోడెర్మాలో ఎండోథీలియం కణాలు మొదట క్రియాశీలమై, తరువాత దెబ్బతిని, కొన్ని చనిపోతాయి. నాళాన్ని విచ్చుకునేలా చేసే రసాయనాలు తగ్గి, ముడిచే ఎండోథీలిన్ పెరుగుతుంది. దెబ్బతిన్న చోట రక్తఫలకికలు అంటుకుని మరిన్ని పెరుగుదల కారకాలను విడుదల చేస్తాయి. వాటి ప్రభావంతో గోడలోని నునుపు కండర కణాలు లోపలి వైపుకు జరిగి సంఖ్య పెంచుకుంటాయి. ఫలితంగా చిన్న ధమని గోడ ఉల్లిపొరల మాదిరిగా వలయాలు వలయాలుగా మందమై, రక్తం నడిచే దారి సన్నబడుతుంది. ఇంకా కిందికి, రక్తకేశనాళికల స్థాయిలో, నాళాలు కొన్ని అసాధారణంగా ఉబ్బి, చివరికి పూర్తిగా మాయమవుతాయి. ఆక్సిజన్ కొరత ఏర్పడిన చోట కొత్త నాళాలు మొలవడం శరీర ధర్మం. దానికి సంకేతమిచ్చే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ ఈ రోగుల రక్తంలో తక్కువేమీ ఉండదు, పైగా ఎక్కువగానే ఉంటుంది. అయినా కొత్త నాళాలు సరిగా ఏర్పడవు. ఆ ప్రోటీన్‌లో నాళాల పెరుగుదలను ప్రోత్సహించే బదులు అడ్డుకునే ఒక రూపం ఈ రోగుల చర్మంలో ఎక్కువగా ఉండటం ఇందుకు ఒక కారణంగా పరిశోధకులు చూపారు. రక్తం అందని వేలి కొన మీద ముందు చిన్న గుంట మచ్చలు పడి, తరువాత పుండు పడుతుంది. ఆ పుండు మానడానికి నెలలు పట్టవచ్చు, సోకితే ఎముక దాకా వెళ్లవచ్చు. బియ్యం ఏరడం, బొత్తం పెట్టుకోవడం వంటి చిన్న పనులు కూడా నొప్పితోనే చేసుకోవలసి వచ్చే ఈ స్థితిని రోగులు చర్మపు బిగుతుకంటే దుర్భరంగా భావించడంలో ఆశ్చర్యం లేదు.

ఇక ప్రతిరక్షకాలు. సూక్ష్మజీవుల ప్రోటీన్లను గుర్తించి అతుక్కోవడం వాటి పని. సొంత శరీరపు ప్రోటీన్లకు అతుక్కునే వాటిని తయారుచేసే బి లింఫోసైట్లను రోగనిరోధక వ్యవస్థ మామూలుగా తొలగిస్తుంది, లేదా నిద్రాణంగా ఉంచుతుంది. ఆ అదుపు తప్పినప్పుడు పుట్టేవి స్వీయ ప్రతిరక్షకాలు. ప్రయోగశాలలో పెంచిన మానవ కణాల మీద రోగి రక్తసారాన్ని పోసి, కణ కేంద్రకానికి అతుక్కున్న ప్రతిరక్షకాలను మెరిసే రంగుతో చూసే పరీక్షనే ఏఎన్‌ఏ అంటారు. స్క్లీరోడెర్మా రోగులలో నూటికి తొంభై మందికి పైగా ఇది పాజిటివ్‌గా వస్తుంది. ఏఎన్‌ఏ కొంతమంది ఆరోగ్యవంతులలో కూడా తక్కువ మోతాదులో కనిపిస్తుంది కాబట్టి అది ఒక్కటే ఏ వ్యాధినీ నిర్ధారించదు. కేంద్రకంలో ఏ ప్రోటీన్‌కు అతుక్కుంటోందన్నదే ముఖ్యం.

ఆ ప్రోటీన్ల జాబితాలో మొదట స్పష్టంగా తేలింది 1979లో. రోగుల రక్తంలోని ఒక ప్రతిరక్షకం 70 కిలోడాల్టన్ల బరువున్న ప్రోటీన్‌ను పట్టుకుంటున్నట్టు గమనించి దానికి ఎస్‌సీఎల్-70 అని పేరుపెట్టారు. డీఎన్‌ఏ చుట్లను విప్పే టోపోఐసోమరేజ్-1 అనే ఎంజైమే అదని 1986లో తెలిసింది; ఎంజైము అసలు బరువు సుమారు 100 కిలోడాల్టన్లు కాగా, మొదట దొరికినది అందులోంచి విరిగిన ముక్క. ఈ ప్రతిరక్షకం ఉన్నవారిలో చర్మం విస్తృతంగా గట్టిపడటం, ఊపిరితిత్తుల కణజాలంలో పీచు పెరగడం, వేలికొనల పుండ్లు ఎక్కువ. విభజన సమయంలో క్రోమోజోమ్ రెండు పోగులనూ కలిపి ఉంచే సెంట్రోమియర్‌కు అతుక్కునే ప్రతిరక్షకాన్ని 1980లో గుర్తించారు. ఇది ఉన్నవారిలో చర్మపు బిగుతు సాధారణంగా వేళ్లు, ముంజేతులు, ముఖం వరకే పరిమితమవుతుంది; వ్యాధి నెమ్మదిగా నడుస్తుంది; రేనో మొదలైన ఎన్నో ఏళ్లకు గానీ మిగతా లక్షణాలు బయటపడవు. అందుకే దీనిని తేలిక రకంగా భావించే అలవాటు ఏర్పడింది. ఆ భావన ప్రమాదకరం. ఎందుకంటే ఈ రోగులలోనే, చాలా ఏళ్ల తరువాత, ఊపిరితిత్తుల ధమనులలో రక్తపోటు పెరిగి గుండె కుడి భాగం అలసిపోయే స్థితి చడీచప్పుడు లేకుండా వస్తుంది. మూడవది ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-3 ప్రతిరక్షకం. ఇది ఉన్నవారిలో చర్మం వేగంగా బిగుస్తుంది, మూత్రపిండాల రక్తనాళాలు హఠాత్తుగా మూసుకుపోయే ప్రమాదం అన్ని రకాలకంటే ఎక్కువ. ఈ మూడూ కాక మరికొన్ని అరుదైన ప్రతిరక్షకాలున్నాయి. గమనించదగిన విషయమేమిటంటే ఒక రోగిలో సాధారణంగా వీటిలో ఒకటే ఉంటుంది, ఒకసారి ఉన్నది మరొకటిగా మారదు, ఏది ఉందన్నది ఏ రక్తనాళానికి ముప్పు ఉందో ముందే సూచిస్తుంది.

ఇంత కచ్చితమైన సంబంధం ఉన్నప్పుడు ఈ ప్రతిరక్షకాలే నాళాలను దెబ్బతీస్తున్నాయని అనుకోవడం సహజం. అక్కడే చిక్కు వస్తుంది. టోపోఐసోమరేజ్, సెంట్రోమియర్ ప్రోటీన్లు, ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ మూడూ కణం నడిబొడ్డున, కేంద్రకంలో ఉంటాయి. ప్రతిరక్షకం పెద్ద అణువు. బతికున్న కణం పొరను దాటి, కేంద్రకపు పొరను దాటి లోపలికి చేరడం మామూలుగా సాధ్యం కాదు. చేరలేని లక్ష్యానికి వ్యతిరేకంగా తయారైన ఆయుధం ఎలా హాని చేస్తుంది? అసలు దాచి ఉన్న ఆ ప్రోటీన్లను రోగనిరోధక వ్యవస్థ మొదట ఎలా చూడగలిగింది?

రెండవ ప్రశ్నకు అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1997లో ఒక అందమైన సమాధానం ప్రతిపాదించారు. రక్తప్రసారం ఆగి, మళ్లీ మొదలైనప్పుడు కణాలలో ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన అణువులు పెరుగుతాయి. ఇనుము, రాగి వంటి లోహాల సమక్షంలో ఆ అణువులు కొన్ని ప్రోటీన్లను ప్రత్యేకమైన చోట్ల ఛేదిస్తాయి. అలా విరిగే ప్రోటీన్ల పట్టికలో టోపోఐసోమరేజ్‌తో పాటు స్క్లీరోడెర్మా రోగులు ప్రతిరక్షకాలు తయారుచేసుకునే మరికొన్ని ప్రోటీన్లు కూడా ఉన్నాయని వారు చూపారు. విరిగిన ముక్క రోగనిరోధక వ్యవస్థకు అంతకుముందెన్నడూ కనిపించని రూపం కాబట్టి అది పరాయిదనిపించవచ్చు. అంటే, రేనో దాడులలో వేలు పదే పదే పాలిపోవడం, ఎర్రబడటమే స్వీయ ప్రతిరక్షకాల పుట్టుకకు దారి తీస్తుండవచ్చు. ఈ దృష్టితో చూస్తే నాళం ముందు, ప్రతిరక్షకం వెనుక. ఇది ఇంకా పరికల్పనే. అయినా వేళ్ల రంగుకూ కేంద్రకంలోని ఎంజైముకూ మధ్య ఉన్న దూరాన్ని ఇంత సహజంగా పూరించిన ఆలోచన మరొకటి లేదు.

అదే సంస్థ నుంచి 2014లో వచ్చిన మరో పరిశోధన ఈ పుట్టుకకు ఇంకో మార్గం కూడా ఉందని చూపింది. ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-3 ప్రతిరక్షకాలున్న కొందరు రోగులకు స్క్లీరోడెర్మా మొదలైన కొద్దికాలానికే, లేదా దానికి కాస్త ముందే, కేన్సర్ బయటపడుతుందని వైద్యులు గమనిస్తూ వచ్చారు. అటువంటి ఎనిమిది మంది కణితులను పరిశీలిస్తే, ఆరుగురి కణితులలో ఆ ఎంజైమునే తయారుచేసే జన్యువులో మార్పులు కనిపించాయి. ఇతర ప్రతిరక్షకాలున్న రోగుల కణితులలో ఆ మార్పులు లేవు. కణితిలోని మారిన ప్రోటీన్‌ను ఎదిరించడానికి లేచిన రోగనిరోధక వ్యవస్థ, మారని సొంత ప్రోటీన్ మీదికి కూడా తిరిగిందన్నది దీని అర్థం. ఈ ప్రతిరక్షకం కొత్తగా తేలిన వ్యక్తికి, ముఖ్యంగా వయసు మళ్లినవారికి, కేన్సర్ పరీక్షలు శ్రద్ధగా చేయాలనే సలహాకు ఆధారం ఇదే.

మొదటి ప్రశ్న, హాని ఎలా జరుగుతుందన్నది, మరింత వివాదాస్పదం. కేంద్రక ప్రోటీన్లు చనిపోతున్న కణాల నుంచి బయటపడి ఇతర కణాల ఉపరితలాలకు అంటుకుంటాయనీ, అక్కడ ప్రతిరక్షకాలు వాటిని కలుసుకుంటాయనీ కొన్ని ప్రయోగశాలలు చూపాయి. మాంట్రియల్ పరిశోధకుల ప్రయోగాలలో సెంట్రోమియర్ ప్రోటీన్ ఒకటి నాళపు నునుపు కండర కణాలకు అంటుకుని వాటిని మరమ్మతు పనికి పురికొల్పగా, రోగుల ప్రతిరక్షకాలు ఆ పనిని ఆపివేశాయి. పరీక్షనాళికలో కనిపించిన ఈ ప్రభావం రోగి వేలిలోనూ ఇలాగే జరుగుతుందని చెప్పడానికి మరింత ఆధారం కావాలి.

కేంద్రకం దాకా పోనవసరం లేని ప్రతిరక్షకాలు కూడా ఈ రోగులలో ఉన్నాయి. ఎండోథీలియం కణాల బయటి పొరకు నేరుగా అతుక్కునే ప్రతిరక్షకాలు వాటిలో ఒక వర్గం. వీటి పాత్ర గురించి బలమైన సాక్ష్యం కోళ్ల నుంచి వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో పెంచిన యూసీడీ-200 అనే కోడి వంశంలో స్క్లీరోడెర్మాను పోలిన వ్యాధి దానంతటదే వస్తుంది. పొదిగిన కొద్ది వారాలకే పిల్లల తల మీది తురాయి వాచి, తరువాత రక్తప్రసారం లేక రాలిపోతుంది. ఇన్స్‌బ్రూక్ పరిశోధకులు 1996లో ఈ కోళ్లలోనూ, మానవ రోగుల చర్మంలోనూ తొలిదశను పరిశీలించి, ఇతర మార్పులన్నిటికంటే ముందు ఎండోథీలియం కణాలు అపోప్టోసిస్, అంటే కణం తనను తాను క్రమపద్ధతిలో అంతం చేసుకోవడం, వల్ల చనిపోతున్నాయని కనుగొన్నారు. ఎండోథీలియానికి అతుక్కునే ప్రతిరక్షకాలు ఆ మరణానికి దోహదం చేస్తున్నాయని కూడా తరువాత చూపారు. ఇక్కడ వరుస తిరగబడింది: ప్రతిరక్షకం ముందు, నాళం వెనుక.

మరో వర్గం కణ ఉపరితలపు గ్రాహకాలకు, అంటే రక్తంలో వచ్చే రసాయన సంకేతాలను అందుకునే ప్రోటీన్లకు, అతుక్కుంటుంది. నాళాలను ముడిచే రెండు ప్రధాన సంకేతాలు ఆంజియోటెన్సిన్, ఎండోథీలిన్. వీటి గ్రాహకాలకు అతుక్కుని, అసలు సంకేతం రాకపోయినా వచ్చినట్టే వాటిని ప్రేరేపించే ప్రతిరక్షకాలు అత్యధిక రోగులలో ఉన్నాయని గాబ్రియెలా రీమెకాస్టెన్ నాయకత్వంలో బెర్లిన్ పరిశోధకులు 2011లో ప్రకటించారు. అవి అధికంగా ఉన్నవారిలో నాళ సమస్యలూ మరణాలూ ఎక్కువగా కనిపించాయి. ఆంజియోటెన్సిన్ గ్రాహకాన్ని ప్రేరేపించే ప్రతిరక్షకాలు మార్పిడి చేసిన మూత్రపిండాన్ని శరీరం తిరస్కరించడంలో పాత్ర వహిస్తాయని 2005లోనే బెర్లిన్ నుంచి వెలువడిన పరిశోధన తెలిపింది కాబట్టి ఈ వాదన గాలిలోంచి పుట్టినది కాదు. మరోవైపు, ఇటలీలోని ఆంకోనా పరిశోధకులు 2006లో పీడీజీఎఫ్ అనే పెరుగుదల కారకపు గ్రాహకాన్ని ప్రేరేపించే ప్రతిరక్షకాలను కనుగొన్నట్టు చెప్పినప్పుడు, వ్యాధి రహస్యం విడిపోయిందన్న ఆశ కలిగింది. ఇతర ప్రయోగశాలలు అదే ఫలితాన్ని రాబట్టలేకపోవడంతో ఆ ఆశ సన్నగిల్లింది. ఒకే రంగంలో ఇలా కొన్ని నిలబడటం, కొన్ని నిలబడకపోవడం విజ్ఞానానికి లోపం కాదు. అయితే గ్రాహకాలకు అతుక్కునే ఈ ప్రతిరక్షకాలను కొలిచే పరీక్షలు ఇంకా ఆసుపత్రి లేబొరేటరీలో రోజువారీ వాడకానికి సిద్ధం కాలేదని మాత్రం గుర్తుంచుకోవాలి.

కారణం ఏదో పూర్తిగా తేలకముందే ఈ రెండు సంకేతాలను, నాళాన్నీ ప్రతిరక్షకాన్నీ, కలిపి చదవడం వైద్యులు నేర్చుకున్నారు. గోరు మొదలు దగ్గర చర్మం మడతలో రక్తకేశనాళికలు చర్మానికి సమాంతరంగా పరుచుకుని ఉంటాయి. అక్కడ ఒక చుక్క నూనె వేసి సూక్ష్మదర్శినితో చూస్తే బతికున్న మనిషిలో వాటి ఆకారం నేరుగా కనిపిస్తుంది. ఈ పరీక్షనే కాపిల్లరోస్కోపీ అంటారు. హిల్డెగార్డ్ మారిక్, ఎడ్వర్డ్ లెరాయ్ 1973లో స్క్లీరోడెర్మా రోగులలో కనిపించే ప్రత్యేకమైన క్రమాన్ని వర్ణించారు. ఆరోగ్యవంతులలో ఒక మిల్లీమీటరు పొడవునా ఏడుకు తగ్గకుండా, సన్నని వంపులుగా నాళికలు వరుసగా ఉంటాయి. వ్యాధి తొలిదశలో కొన్ని నాళికలు 50 మైక్రాన్లకు మించి ఉబ్బుతాయి, చిన్న రక్తస్రావాలు కనిపిస్తాయి. తరువాత వరుస చెదిరి, నాళికలు రాలిపోయి, ఖాళీ ప్రదేశాలు మిగులుతాయి. నొప్పి లేని, సూది లేని ఈ పరీక్షకు పట్టే సమయం కొద్ది నిమిషాలే.

మాంట్రియల్‌లో 586 మంది రేనో రోగులను ఇరవై ఏళ్ల పాటు నమోదు చేస్తూ 2008లో ప్రకటించిన అధ్యయనం ఈ విషయంలో అత్యంత విలువైనది. మొదటి పరీక్షలో గోరు దగ్గరి నాళికలూ మామూలుగా ఉండి, స్క్లీరోడెర్మాకు చెందిన ప్రతిరక్షకాలూ లేనివారిలో తరువాత వ్యాధి వచ్చింది నూటికి ఇద్దరికి లోపే. రెండూ అసాధారణంగా ఉన్నవారిలో నూటికి దాదాపు ఎనభై మందికి వచ్చింది. నాళికలు ముందు ఉబ్బి, తరువాత రాలిపోయే వరుస కూడా ఇందులో స్పష్టమైంది; పైగా ఆ వరుస ఎంత వేగంగా నడుస్తుందన్నది ఏ ప్రతిరక్షకం ఉందన్నదాన్నిబట్టి మారింది. ప్రతిరక్షకమూ నాళమూ వేర్వేరు కథలు కావనడానికి మనుషులలో దొరికిన నిదర్శనాలలో దీనికి సాటివచ్చేవి కొన్నే. అందుకే 2013లో అమెరికా, ఐరోపా రుమటాలజీ సంఘాలు కలిసి రూపొందించిన వర్గీకరణలో చర్మపు బిగుతుతో పాటు రేనోకు 3, ప్రత్యేక ప్రతిరక్షకాలకు 3, గోరు నాళికల అసాధారణతకు 2, వేలికొన గుంట మచ్చలకు 3 చొప్పున మార్కులు కేటాయించారు. మొత్తం 9 చేరితే అది స్క్లీరోడెర్మా. అంటే రేనో, ప్రతిరక్షకం, వేలికొన మచ్చ ఉంటే చర్మం ఏ మాత్రం బిగియకపోయినా లెక్క పూర్తవుతుంది.

తెలుగు నేల వంటి వేడి ప్రాంతాలలో ఈ తొలి సంకేతం చేజారే అవకాశం ఎక్కువ. గోధుమ, నలుపు వన్నె చర్మంలో వేళ్లు పాలిపోవడం తెల్ల చర్మంలో అంత కొట్టొచ్చినట్టు కనిపించదు. నీలం రంగు ఇంకా కష్టం. తిమ్మిరిగానో, నరాల బలహీనతగానో భావించి ఏళ్లు గడిపేవారున్నారు. శీతాకాలపు ఉదయాలలో చల్లని నీళ్లతో అంట్లు తోమేటప్పుడు, ఏసీ గదిలో కూర్చున్నప్పుడు, ఫ్రిజ్‌లో చేయి పెట్టినప్పుడు వేళ్లు మొద్దుబారి రంగు మారడం, వేళ్లు వాచి ఉంగరం బిగుతు కావడం, ఛాతీలో మంట, తెల్లబడిన చర్మం మీద నల్లటి చుక్కలు కనిపించడం కలిసి కనిపిస్తే రుమటాలజీ నిపుణుడి దగ్గరికి వెళ్లవలసిన సమయం వచ్చినట్టే. భారతదేశపు రోగులలో సెంట్రోమియర్ ప్రతిరక్షకం కంటే టోపోఐసోమరేజ్ ప్రతిరక్షకం ఎక్కువగా కనిపిస్తుందని ఇక్కడి ఆసుపత్రుల అధ్యయనాలు పదే పదే చెప్పాయి. అంటే ఊపిరితిత్తులకు, వేలికొనలకు ముప్పు ఎక్కువ ఉన్న రకమే ఇక్కడ ఎక్కువ.

రక్తనాళాన్ని గురి చేసుకున్న వైద్యం ప్రాణాలు నిలబెడుతుందనడానికి మూత్రపిండాల చరిత్రే తిరుగులేని రుజువు. మూత్రపిండపు చిన్న ధమనులు మూసుకుపోతే ఆ అవయవం రక్తం చాలదని భావించి రెనిన్ అనే పదార్థాన్ని విపరీతంగా విడుదల చేస్తుంది. దాని ద్వారా ఆంజియోటెన్సిన్ పెరిగి నాళాలు మరింత ముడుచుకుంటాయి, రక్తపోటు రోజుల వ్యవధిలో ప్రమాదస్థాయికి చేరుతుంది, మూత్రపిండాలు ఆగిపోతాయి. ఒకప్పుడు ఇది దాదాపు మరణశాసనం. ఆంజియోటెన్సిన్ తయారీని ఆపే కాప్టోప్రిల్ వంటి మందులు 1970ల చివర అందుబాటులోకి వచ్చాక పరిస్థితి మారిపోయింది. పిట్స్‌బర్గ్ పరిశోధకులు 1990లో ప్రకటించిన లెక్కల ప్రకారం, ఆ మందులు వాడని రోగులలో ఏడాది తరువాత బతికి ఉన్నవారు నూటికి 15 మంది. వాడినవారిలో 76 మంది. ఒక్క వర్గపు మందు ఒక వ్యాధి గతిని ఇంతగా మార్చిన సందర్భాలు వైద్యచరిత్రలో కొన్నే ఉంటాయి. అయితే ముందుజాగ్రత్తగా ఈ మందును అందరికీ ఇస్తే ప్రయోజనం కనిపించలేదు. రోజుకు 15 మిల్లీగ్రాములు, అంతకుమించిన ప్రెడ్నిసోన్ స్టెరాయిడ్ ఈ సంక్షోభపు ముప్పును పెంచుతుంది కాబట్టి, ముఖ్యంగా ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-3 ప్రతిరక్షకం ఉన్నవారికి, కీళ్ల నొప్పులకని స్టెరాయిడ్ విచ్చలవిడిగా ఇవ్వడం తగదు. ఇంట్లో రక్తపోటు చూసుకునే చిన్న యంత్రం ఈ రోగులకు ఎంతో ఖరీదైన స్కాన్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

ఊపిరితిత్తుల ధమనుల రక్తపోటు కథ ఇంత నాటకీయంగా ఉండదు. రోగులలో సుమారు పదిమందిలో ఒకరికి ఇది వస్తుంది. మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం తప్ప మొదట్లో మరే సూచనా ఉండదు, దానిని వయసు మీదికో రక్తహీనత మీదికో నెట్టేస్తారు. అందుకే లక్షణాలు లేకపోయినా ఏటా గుండె ఎకో పరీక్ష, ఊపిరితిత్తులు వాయువులను రక్తంలోకి పంపే సామర్థ్యాన్ని కొలిచే పరీక్ష చేయాలి. ఎండోథీలిన్‌ను అడ్డుకునే బోసెంటాన్, నైట్రిక్ ఆక్సైడ్ ప్రభావాన్ని నిలిపి ఉంచే సిల్డెనాఫిల్, ప్రోస్టాసైక్లిన్‌ను పోలిన మందులు ఇక్కడ ఆధారం. వేళ్లకు కూడా ఇవే పనికివస్తాయి. నిఫెడిపిన్ వంటి మాత్రలతో రేనో అదుపులోకి రాకపోతే సిల్డెనాఫిల్, సిరలోకి ఎక్కించే ఐలోప్రోస్ట్ వాడతారు. బోసెంటాన్ కొత్త పుండ్లు రావడాన్ని తగ్గిస్తుంది గానీ ఉన్న పుండును త్వరగా మాన్పదు. పొగతాగడం మానకపోతే ఈ మందులన్నీ సగం పనే చేస్తాయి.

ఈ మందులేవీ ప్రతిరక్షకాలను తాకవు. వాటిని తయారుచేసే కణాలనే తొలగించే ప్రయత్నాలు ఇటీవలివి. రోగి సొంత మూలకణాలను భద్రపరచి, తీవ్రమైన మందులతో రోగనిరోధక వ్యవస్థను తుడిచివేసి, మళ్లీ నాటే పద్ధతి ఉద్ధృతమైన వ్యాధిలో దీర్ఘకాలంలో ప్రాణాలు నిలుపుతుందని ఐరోపాలో 2014లో, అమెరికాలో 2018లో వెలువడిన అధ్యయనాలు తేల్చాయి; ఐరోపా అధ్యయనంలో మొదటి ఏడాది పదిమందిలో ఒకరు చికిత్స వల్లనే మరణించారు కాబట్టి ఇది తేలికగా తీసుకోవలసిన నిర్ణయం కాదు. జర్మనీలోని ఎర్లాంగెన్ వైద్యులు రోగి టి కణాలనే జన్యుపరంగా మార్చి బి కణాలను నిర్మూలించే కార్-టి చికిత్సను స్వీయరోగనిరోధక వ్యాధులకు వాడి, 2024లో 15 మంది ఫలితాలను ప్రకటించారు. వారిలో నలుగురు స్క్లీరోడెర్మా రోగులు. మూలకణ మార్పిడి తరువాత కొందరు రోగుల గోరు మడతలలో, చర్మంలో మాయమైన రక్తకేశనాళికలు తిరిగి మొలిచినట్టు చిన్న అధ్యయనాలు అంతకుముందే నమోదు చేశాయి. ప్రతిరక్షకాలు పోయాక నాళాలు నిజంగా తిరిగి వస్తాయా, ఎవరిలో, ఎంత కాలానికి అన్నది ఇకముందు జరిగే పెద్ద అధ్యయనాలలో రక్తపరీక్షతో పాటు గోరు మొదలు దగ్గరి నాళికలను కూడా క్రమం తప్పకుండా చూస్తేనే తేలుతుంది.